బ్లాక్‌సాడ్‌లో కథ ఎక్కడుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ‘బ్లాక్‌సాడ్’ అనే కామిక్స్ వరసలో మొదటి మూడు ఆల్బమ్‌లు (ఒక్కో ఆల్బమ్ ఒక విడి పుస్తకం) కలిపి వేసిన ఇంగ్లీషు సంపుటి చదివారు. బొమ్మల మీంచి చూపు తిప్పుకోలేకపోయారు. కథ మాత్రం ఎప్పుడో చూసేసిన డిటెక్టివ్ సినిమాలా అనిపించింది: ఒక శవం, ఒక అందగత్తె, డబ్బున్న దుర్మార్గుడు, కోటు వేసుకుని సిగరెట్టు కాల్చే హీరో. మరి దీనికి ఇంత పేరెందుకు, మనుషుల కథకి జంతువుల తలలు పెడితే అదనంగా వచ్చిందేమిటి అని అడిగారు. మీ పన్నెండేళ్ళ అబ్బాయి బొమ్మలు చూసి ముచ్చటపడుతున్నాడు, వాడి చేతికి ఇవ్వొచ్చా అని కూడా అడిగారు.

నేను హైదరాబాదులో ఇరవై ఏళ్ళ పైన టూడీ యానిమేషన్ చేశాను. మొదట్లో ఇన్‌బిట్వీన్లు, అంటే ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికని పూరించే బొమ్మలు, తర్వాత ఆ ముఖ్యమైన బొమ్మలే, కీ డ్రాయింగులు, ఆ తర్వాత కొత్తగా చేరిన పిల్లలకి పాఠాలు. ఆ పాఠాలకి వాడిన పుస్తకాలన్నిటిలోకీ అట్ట ఊడిపోయేదాకా నలిగింది ఇదే. కాబట్టి ఇది బొమ్మలు వేసేవాడు చెప్పే జవాబు. కథ పాతదే అన్న మీ మాటతో నాకు పేచీ లేదు. కాకపోతే మీరు కథని వెతికిన చోటు వేరు, వాళ్ళు దాన్ని దాచిన చోటు వేరు. పాత్రల నోటి దగ్గర బుడగల్లా గీసే బెలూన్లలోని మాటలు మాత్రమే చదువుకుంటూ పోతే మనకి దక్కేది సగం కథే.

రాసింది హువాన్ దియాస్ కనాలెస్, గీసింది హువాన్హో గ్వార్నిదో. ఇద్దరిదీ స్పెయినే. 1990లో మాడ్రిడ్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో పరిచయమయ్యారు. తర్వాత గ్వార్నిదో పారిస్ పక్కనే మోంత్రయ్‌లో ఉన్న డిస్నీ స్టూడియోకి వెళ్ళాడు. 1999లో వచ్చిన ‘టార్జాన్’లో సేబర్ అనే చిరుతపులి ఉంటుంది. దానికి ప్రధాన యానిమేటర్ ఈయనే. ఆ మరుసటి ఏడాది, 2000 నవంబరులో, దార్గో అనే ఫ్రెంచి ప్రచురణ సంస్థ బ్లాక్‌సాడ్ మొదటి ఆల్బమ్ వేసింది. ఇద్దరు స్పెయిన్ వాళ్ళు, ఫ్రెంచిలో, 1950ల అమెరికా గురించి చెప్పిన కథ. ఆ అమెరికా వాళ్ళు పుట్టి పెరిగింది కాదు. నలుపు తెలుపు సినిమాల్లోంచీ, జాజ్ రికార్డుల్లోంచీ నేర్చుకున్నది. మీకు ‘ఎప్పుడో చూశానే’ అనిపించడానికి మూలం అక్కడుంది.

చిరుత సంగతి ఊరికే చెప్పలేదు. నాలుగు కాళ్ళ జంతువుని యానిమేట్ చేయడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకి తెలుస్తుంది. అది పొంచి నడిచేటప్పుడు భుజాల ఎముకలు వెన్నుకన్నా పైకి లేస్తాయి, తల కిందికి దిగుతుంది, బరువు ఒక పంజా మీంచి ఇంకో పంజా మీదికి జారుతుంది. నెలల తరబడి రోజూ అదే గీస్తే ఆ బరువు చేతికి పట్టేస్తుంది. అలాంటి చెయ్యి తర్వాత ఒక నల్లపిల్లికి కోటు తొడిగి కుర్చీలో కూచోబెట్టింది. ఆ పిల్లే ఈ కథల డిటెక్టివ్ జాన్ బ్లాక్‌సాడ్. మెడ కింద అంతా మనిషే. కానీ అతను ఒక గదిలోకి అడుగు పెట్టేటప్పుడు భుజాలు చూడండి. మనిషి మర్యాద కింద మృగం బరువు కనిపిస్తూ ఉంటుంది. కోపం వచ్చినప్పుడు చెవులు వెనక్కి అణుగుతాయి, కోరలు బయటపడతాయి. అప్పటిదాకా పెద్దమనిషిలా మాట్లాడినవాడు ఒక్క ప్యానెల్‌లో, అంటే ఒక్క బొమ్మ గడిలో, పిల్లి అయిపోతాడు.

మొదటి పేజీనే తీసుకోండి. నటాలియా విల్‌ఫోర్డ్ అనే సినిమా నటి శవం. పక్కన పోలీసు కమిషనర్ స్మిర్నోవ్, జర్మన్ షెపర్డ్ కుక్క. ఆమె ఒకప్పుడు బ్లాక్‌సాడ్ ప్రేమించిన మనిషి. కొన్ని రోజులు పొద్దున తిన్న పలహారం అరగదు, ఎదురుగా పాత ప్రేయసి శవం ఉంటే మరీనూ, అన్న ధోరణిలో అతని మనసులో మాట మొదలవుతుంది. ఆ మాట ఆ కాలపు ఏ డిటెక్టివ్ నవలలోనైనా దొరికే మాటే. ముఖం మాత్రం ఎక్కడా దొరకదు. ఏడవని ముఖం అది. పిల్లికి కనుబొమలు సరిగ్గా ఉండవు, పెదవులు కనిపించవు. మనిషి ముఖంలో దుఃఖం చూపించడానికి మనం మామూలుగా వాడే సరంజామా సగం అక్కడ లేదు. ఉన్నవి కనురెప్పలూ, చెవులూ, తల వంచిన తీరూ. వాటితోనే ఆ నిశ్శబ్దాన్ని నిలబెట్టాడు.

పిల్లలకి నేనిచ్చే అభ్యాసం ఒకటుండేది. ఈ పుస్తకంలో ఏదో ఒక పేజీ తీసి, బెలూన్లు ఉన్న చోటల్లా తెల్లకాగితం ముక్కలు అంటించేవాణ్ణి. ‘ఇందులో ఎవరు అబద్ధం చెబుతున్నారు, ఎవరికి భయంగా ఉంది, ఎవరు తొందరగా బయటపడాలనుకుంటున్నారు?’ అని అడిగేవాణ్ణి. కథ ముందే తెలియకపోయినా చాలామంది సరిగ్గానే చెప్పేవారు. ఒక అమ్మాయి, నర్సీపట్నం నుంచి వచ్చి అప్పుడే చేరింది, పేజీని అలా చాలాసేపు చూసి ‘సార్, ఇందులో ఎవరూ ఊరికే నిలబడి లేరు’ అంది. అంతకన్నా మంచి సమీక్ష నేనెక్కడా చదవలేదు. బారులో వెనక వరసలో కూచున్న, కథతో సంబంధం లేని ఎలుగుబంటి కూడా ఏదో ఒక పనిలో ఉంటుంది. గ్లాసు తుడిచేవాడు, పేపరు మడిచేవాడు, పక్కవాడి మాట చాటుగా వినేవాడు. ఎవరి ఒంట్లో వాళ్ళ బరువుంది, ఎవరి తొందర వాళ్ళకుంది. సినిమాలో ఇలాంటి గుంపుని తెర మీదికి తేవాలంటే వంద మంది జూనియర్ ఆర్టిస్టులు కావాలి. వాళ్ళలో తొంభై మంది కెమెరా వంక చూస్తారు.

మీకు వీలైతే ఆ అభ్యాసం మీరూ చేయండి. రెండో ఆల్బమ్‌లో ఏ పది పేజీలైనా మాటలు మూసేసి చూడండి. మామూలు కథ అని మీరు పక్కన పెట్టినది ఎంత పకడ్బందీగా అల్లారో తెలుస్తుంది.

ఇక జంతువుల తలల సంగతి. మనకి జంతువుల కథలు కొత్త కాదు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లోనే వచ్చింది. సింహం గనక పింగళకుడు రాజు, నక్క గనక దమనకుడు మంత్రాంగం నడుపుతాడు. జాతే పాత్ర. అయితే సూరి అక్కడితో ఆగలేదు. కరటకుడూ నక్కే, దమనకుడూ నక్కే. ఒకడు వద్దంటాడు, ఇంకొకడు వినడు. ఒకే జాతిలో రెండు బుద్ధులు. ఆ తేడా అక్కడ మాటల్లో తెలుస్తుంది, వాళ్ళ వాదనల్లో తెలుస్తుంది. బ్లాక్‌సాడ్‌లో ఆ పని బొమ్మ చేస్తుంది. జాతి చూడగానే మనకి ఒక అంచనా వస్తుంది, ముఖంలోని భావం ఆ అంచనాని ఒప్పుకుంటుంది లేదా కాదంటుంది. ఈ రెండింటి మధ్య జరిగే లాగులాటే ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

దీనివల్ల రచయితకి దొరికిన లాభం కూడా చూడండి. ఫ్రెంచి ఆల్బమ్ అంటే దాదాపు యాభై పేజీలు. అంతలో హత్య జరగాలి, విచారణ జరగాలి, ఆరేడుగురు మనుషులు పరిచయం కావాలి. నవలాకారుడు ఒక పాత్రని నిలబెట్టడానికి రెండు పేజీలు తీసుకుంటాడు. ఇక్కడ జర్మన్ షెపర్డ్‌ని చూడగానే ‘పోలీసు, క్రమశిక్షణ, తన పైవాళ్ళంటే గౌరవం, లోపల రోషం’ అని మనకి అర్థమైపోతుంది. మొదటి ఆల్బమ్‌లోని డబ్బున్న దుర్మార్గుడు, బోదురుకప్ప ముఖంతో ఇవో స్టాటాక్ పెద్ద బల్ల వెనక కూచుంటే ఆ ఊరి నీళ్ళన్నీ ఎవరి చెరువులోవో వేరే చెప్పక్కర్లేదు. పరిచయాలకి పోవాల్సిన పేజీలు మిగిలాయి. మిగిలిన పేజీల్ని గ్వార్నిదో నటనకి ఖర్చు పెట్టాడు.

అయితే మొదటి ఆల్బమ్‌లో ఈ ఉపాయం కాస్త మోటుగానే ఉంది. పాకేవీ చల్లనెత్తురువీ చెడ్డవి, బొచ్చున్నవి మనవైపు. చివరికి చట్టం చేయలేని పని హీరో తుపాకీ చేస్తుంది, కమిషనర్ కళ్ళు మూసుకుంటాడు. ఆ ముగింపు నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. మీ ఫిర్యాదు ఈ ఆల్బమ్ గురించే అయితే నేను మీ పక్షమే. మూడిట్లో కథగా ఇదే బలహీనం. బొమ్మల్లో మాత్రం ఇద్దరు కుర్రాళ్ళు తమ దగ్గరున్నదంతా ఒకేసారి బల్ల మీద పోసేసిన ఉత్సాహం కనిపిస్తుంది.

రెండోది, ‘ఆర్కిటిక్ నేషన్’, 2003. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా లెక్కలో ఈ వరస మొత్తంలో ఇదే శిఖరం. ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవంలో 2004లో దీనికి చిత్రణ బహుమతీ, పాఠకుల బహుమతీ రెండూ వచ్చాయి. ‘ది లైన్’ అనే ఒక శివారు పేట. పనులు పోయాయి, ఇళ్ళు పాడుబడ్డాయి, మనుషులు రంగును బట్టి చీలిపోయారు. ఒక నల్లపిల్ల మాయమైంది. బడి పంతులమ్మ బ్లాక్‌సాడ్‌ని పిలిపించింది. పోలీసు అధికారి కారప్ ధ్రువపు ఎలుగుబంటి. తెల్లజంతువుల ఆధిపత్యం కోసం పనిచేసే ముఠా పేరే ఆర్కిటిక్ నేషన్. వాళ్ళ చిహ్నాల్లో నాజీల ఛాయ ఉంది, ముసుగుల్లో అమెరికాలో నల్లవాళ్ళని హింసించిన క్లూ క్లక్స్ క్లాన్ ఛాయ ఉంది.

ఇప్పుడు ఆ ముఠాలో ఎవరున్నారో గమనించండి. ధ్రువపు ఎలుగుబంటి, ఆర్కిటిక్ నక్క. వాళ్ళ పక్కన డబ్బున్న తెల్లపులి. ఈ మూడింటికీ ఏం చుట్టరికం? ఎలుగుకీ నక్కకీ పులికీ పొత్తెలా కుదిరింది? బొచ్చు తెలుపు గనక. అదొక్కటే. రంగు పేరు చెప్పి ‘మేమంతా ఒక జాతి’ అనుకోవడంలో ఉన్న అబద్ధం మొత్తం ఆ గుంపుని గీయగానే బయటపడింది. ఏ పాత్రా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. మనుషుల్ని గీసి ఉంటే ఇది కుదిరేది కాదు. మనుషుల్లో తెల్లవాళ్ళందర్నీ ఒక జాతిగా చూడటానికి మన కళ్ళు అలవాటుపడిపోయాయి. నక్కనీ ఎలుగునీ ఒక జాతిగా చూడమంటే కన్ను మొరాయిస్తుంది. జంతువుల తలలు పెట్టి ఏం సాధించారని అడిగారు కదా, నా పెద్ద జవాబు ఇదే.

దానికి తోడు హీరో ముఖం. బ్లాక్‌సాడ్ నల్లపిల్లి, మూతి చుట్టూ మాత్రం తెలుపు. మొదటి ఆల్బమ్‌లో అది అందం కోసం వేసిన మచ్చ అనుకుంటాం. నలుపూ తెలుపూ తప్ప మూడో మాట ఎరగని ఊళ్ళోకి అదే ముఖంతో నడిచి వచ్చేసరికి ఆ మచ్చ కథలో భాగమైపోతుంది. ఈ ఆల్బమ్ చివర బయటపడే రహస్యానికి కూడా రంగుతోనే సంబంధం. మీరు చదివారు గనక తెలుసు. చదవనివాళ్ళ కోసం విప్పను. ఒకసారి వెనక్కి వెళ్ళి జెజబెల్ అనే ఆవిడ కనిపించే ప్యానెళ్ళన్నీ వరసగా చూడండి. ఆమె ఎవరి వైపు చూస్తోంది, ఎవరు చూస్తున్నప్పుడు చూపు దించుకుంటోంది అన్నది గ్వార్నిదో మొదటినుంచీ గీస్తూనే ఉన్నాడు. మొదటి చదువులో మనకి అది పట్టలేదు. అంతే.

ఇక రంగులు. కంప్యూటర్ మీద వేసినవనుకుంటారు చాలామంది. నీటిరంగులు అవి. గీతా రంగూ రెండూ ఒకే కాగితం మీద. మాంచి నీటిరంగుల కాగితం మీద ఒక వాష్ (నీళ్ళు కలిపిన పలచని రంగు పూత) ఎండాక దాని మీద ఇంకొకటి, అలా పొరలు పొరలుగా. ఒక పొర చెడితే పేజీ మొత్తం పోయినట్టే. ‘ఆర్కిటిక్ నేషన్’లో చిక్కు ఏమిటంటే నేల మీద మంచు, నిలబడ్డవాడు తెల్ల ఎలుగు. తెలుపు మీద తెలుపు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. కాగితాన్ని వదిలేయాలి, చుట్టూ నీడలు వేయాలి. వదలాల్సిన చోటు ముందే తెలిసుండాలి.

కారప్ తల ఒకటి నేను నకలు వేయడానికి కూచున్నాను. మూడు కాగితాలు పోయాయి. మొదటిదానిలో నీడ బూడిదరంగు వేస్తే ఎలుగు దుమ్ము కొట్టుకున్నట్టు తయారైంది. రెండోదానిలో నీలం ఎక్కువై ఆకాశంలో కలిసిపోయింది. అప్పుడు పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పెట్టి చూశాను. తెల్లబొచ్చు అని నేననుకున్నదానిలో ముట్టుకోని తెలుపు దాదాపు ఎక్కడా లేదు. గడ్డం కింద చల్లని బూడిద నీలం, చెంప మీద గదిలోని దీపం తాలూకు పలచని పసుపు, చెవి లోపల కాస్త గులాబి. నుదుటి మీద మాత్రం కాగితం. మన కన్నే ఇదంతా కలిపి ‘తెల్ల ఎలుగు’ అంటోంది. మూడో కాగితం వానాకాలం తేమకి వాష్ ఎంతకీ ఎండక, పక్క రంగులోకి పాకి పోయింది. నాలుగోది బాగానే వచ్చింది. ఆ రోజు నుంచీ నాకు ఆ పేజీలు గబగబా తిప్పబుద్ధి కాదు.

ఆల్బమ్‌కి ఒక వాతావరణం పెట్టుకోవడం కూడా ఆయన పద్ధతే. మొదటిదంతా గోధుమ, మట్టి రంగులు. గదుల్లో పొగ పట్టినట్టుంటుంది. రెండోది చలి. న్యూ ఆర్లీన్స్‌లో జరిగే నాలుగోదానిలో కార్నివాల్ రంగులు. ‘అమరీయో’ అంటే స్పానిష్‌లో పసుపు. ఆ పేరున్న ఐదో ఆల్బమ్ ఎండతో నిండిపోయి ఉంటుంది. చీకటి సందుల్లేకుండా నువార్ కథ, అంటే చీకటీ నేరమూ నిండిన ఆ పాత డిటెక్టివ్ సినిమాల తరహా కథ, చెప్పొచ్చా అన్న పందెం లాంటిది అది.

మెచ్చుకోలు అయింది కాబట్టి లోపాలు కూడా ఉన్నదున్నట్టు చెబుతాను.

మొదటిది, హీరో మనసులో మాటలు. నువార్ సంప్రదాయం ప్రకారం డిటెక్టివ్ తన గొంతుతో కథ చెబుతాడు. పుస్తకంలో అయితే ఆ గొంతు అవసరం. ఇక్కడ బొమ్మ అప్పటికే చెప్పేసినదాన్ని పైన పెట్టెలో మళ్ళీ చెబుతున్నట్టుంటుంది చాలాచోట్ల. భుజాలు జారిపోయి, వానలో తడుస్తూ నడిచే మనిషి పక్కన ‘నాకు ఒంటరిగా అనిపించింది’ అన్న అర్థం వచ్చే వాక్యం ఎందుకు? గ్వార్నిదోని కనాలెస్ పూర్తిగా నమ్మి ఊరుకున్న పేజీలు ఎప్పుడూ మిన్నగా ఉంటాయి. మీకు కథ అరిగిపోయినట్టు అనిపించడంలో ఈ పెట్టెల పాత్ర చాలా ఉందని నా అనుమానం.

రెండోది ఆడవాళ్ళ ముఖాలు. ఇది నన్ను మొదటినుంచీ బాధపెట్టే విషయం. మగవాళ్ళకి పూర్తి జంతువు తల దక్కుతుంది. పొడుగు మూతి, ముడతలు, కోరలు, కొమ్ములు, వికారం, వయసు. నటాలియా, జెజబెల్, మూడో ఆల్బమ్‌లో ఆల్మా దగ్గరికి వచ్చేసరికి మనిషి ముఖానికే కాస్త ముక్కు మార్చి, చెవులు పెట్టినట్టుంటుంది. అందం తగ్గకూడదని కాబోలు. దాంతో ఏం పోయిందంటే, మగపాత్రలకి దొరికిన ఆ లాగులాట, జాతికీ భావానికీ మధ్య ఉండేది, వీళ్ళకి దొరకలేదు. పెద్ద వయసు ఆడవాళ్ళని గీసేటప్పుడు ఇదే చెయ్యి ఎంత బాగా గీస్తుందో చూస్తే ఇంకా బాధేస్తుంది. 2021లో వచ్చిన ఆరో ఆల్బమ్‌లో ఐరిస్ ఆలెన్ అనే నాటకాలావిడ లామా, ఒంటెకి చుట్టమైన దక్షిణ అమెరికా జంతువు. పొడుగు మెడ, నిజమైన లామా ముఖం. ఆవిడ తెర మీదికి రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడోది ఇరుకు. 2005 నాటి ‘రెడ్ సోల్’ నిండా విషయమే. అణుబాంబు భయం, కమ్యూనిస్టుల వేట, ఆ వేటకి పేరుపడ్డ సెనేటర్ మెకార్తీని తలపించే గాలో అనే సెనేటర్, వామపక్ష మేధావుల బృందం, ఒక ప్రేమకథ. అన్నిటికీ కలిపి యాభై పేజీలు. మీకు ఎక్కడైనా ఎవరు ఎవరో తికమకపడి వెనక్కి తిప్పాల్సొస్తే అది మీ తప్పు కాదు. అయినా నేను దీన్ని మొదటిదానికన్నా పైన పెడతాను. కారణం ఆటో లీబర్. గుడ్లగూబ. అణుశాస్త్రవేత్త. బ్లాక్‌సాడ్‌కి ఒకప్పటి గురువు. పాశ్చాత్యులకి గుడ్లగూబ అంటే జ్ఞానం. మనకి అపశకునం. ఈ పాత్రకి రెండూ సరిపోతాయి, కాబట్టి తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక అర్థం అదనంగా దక్కుతుంది. ఆయన దయగల మనిషే, వెనకాల ఒక గతాన్ని మోస్తున్నదీ నిజమే. ఆ పెద్ద గుండ్రని కళ్ళని గ్వార్నిదో ఎన్ని రకాలుగా సగం మూశాడో లెక్కపెట్టుకుంటూ చూడండి. గౌరవించిన మనిషి గతం తెలిశాక ఏం చేయాలో తెలియకపోవడం అన్నది ఈ ఆల్బమ్‌లో అసలు కథ. హత్య దాని చుట్టూ కట్టిన దడి. అంగులేమ్‌లో 2006లో ఉత్తమ సిరీస్ బహుమతి దీనికి వచ్చింది.

పేర్లలో చిన్న సరదా కూడా ఉంది. ‘గాలో’ అంటే స్పానిష్‌లో కోడిపుంజు, సెనేటర్ కోడిపుంజే. ‘ఆల్మా’ అంటే ఆత్మ. స్పానిష్‌లో ఈ ఆల్బమ్ పేరు ‘ఆల్మా రోహా’, ఎర్ర ఆత్మ. అంటే నాయిక పేరు అట్ట మీదే ఉంది. ఇంగ్లీషులో చదివినవాళ్ళకి ఆ శ్లేష పోయింది.

మీరు ఇంకా చదవనివాటి గురించి కొద్దిగా. నాలుగోది ‘ఎ సైలెంట్ హెల్’, 2010. కనిపించకుండా పోయిన పియానో వాయిద్యకారుణ్ణి వెతకడం. ముందూ వెనకలు మార్చి చెబుతారు, ఓపిక కావాలి. వినిపించని సంగీతాన్ని కాగితం మీద ఎలా చూపించాలన్న సమస్యకి వేళ్ళూ, మెడ నరాలూ, వినేవాళ్ళ ముఖాలూ జవాబు. ఐదోది ‘అమరీయో’, 2013. పసుపు క్యాడిలాక్ కారు, బీట్ తరం రచయితల్ని (1950ల అమెరికాలో కట్టుబాట్లని ధిక్కరించిన కవులూ రచయితలూ) తలపించే ఒక సింహం, ఒక దున్న. స్పెయిన్ జాతీయ కామిక్ పురస్కారం 2014లో దీనికే ఇచ్చారు. కథ చెదిరినట్టుంటుంది గానీ ప్రయాణం బావుంటుంది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళ విరామం. 2021లోనూ 2023లోనూ రెండు భాగాలుగా వచ్చిన ‘దే ఆల్ ఫాల్ డౌన్’లో సాలొమన్ అనే డేగ ఉంటుంది. న్యూయార్క్ రోడ్లనీ వంతెనల్నీ దశాబ్దాలపాటు తన చేతిలో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ ఆ పాత్రకి మూలం. కిందున్న ఊరిని పైనుంచి చూసేవాడికి డేగ ముఖం, సొరంగాల్లో పనిచేసే రైల్వే కార్మికుల నాయకుడికి గబ్బిలం ముఖం. ఇరుకు సమస్య కూడా తీరింది. రెండు ఆల్బమ్‌ల చోటు దొరికేసరికి కనాలెస్ ఊపిరి పీల్చుకుంటూ రాశాడు. కథ బలంగా ఉండాలనేది మీ పట్టుదల అయితే మూడు తర్వాత నేరుగా ఈ రెండూ చదివినా నష్టం లేదు.

బొమ్మలకి ఇచ్చే గుర్తింపు గురించి ఒక్క మాట. అమెరికాలో కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డుల్లో చిత్రకారుడికిచ్చే బహుమతి గ్వార్నిదోకి 2011లోనూ 2013లోనూ వచ్చింది. సంతోషమే. కానీ ‘బొమ్మలు అద్భుతం, కథ మామూలు’ అనే మాట పాకిపోవడానికి ఇలాంటి విభజన కూడా కారణమనిపిస్తుంది. జెజబెల్ చూపు దించుకోవడం బొమ్మా? కథా? ఆ క్షణాన్ని ఒకరు రాసుంటారు, ఒకరు గీసుంటారు. మనకి కనిపించేది ఒక ఆడమనిషి ఏదో దాచుకోవడం. ఇద్దరూ యానిమేషన్ నుంచి వచ్చినవాళ్ళు. సినిమా కథని ముందే వరస బొమ్మలుగా వేసుకునే స్టోరీబోర్డు దగ్గర ఎవరి పని ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టమని ఆ పని చేసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

ఇక మీ అబ్బాయి. పన్నెండేళ్ళకి వద్దండి. జంతువుల ముఖాలు చూసి పిల్లల పుస్తకమనుకుని కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదటి ఆల్బమ్‌లో నగ్నత్వం ఉంది, పడక దృశ్యం ఉంది, హింస దాపరికం లేకుండా ఉంది. ‘ఆర్కిటిక్ నేషన్’ మొదలవడమే ఉరితో మొదలవుతుంది. తలెత్తి చూస్తున్న గుంపులో మనుషుల ముఖాల మీద ఏముందో అది పెద్దవాళ్ళకే ఒక పట్టాన మింగుడుపడదు. పదహారో పదిహేడో వచ్చాక, అమెరికాలో నల్లవాళ్ళని అలా గుంపుగా చేరి చంపేవాళ్ళని బడిలోనో ఇంట్లోనో విన్నాక, రెండో ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. పక్కన మీరు కూచోండి. ఇప్పుడు వాడికి ముచ్చటగా ఉన్నది బొమ్మలే కదా, బారు, వీధి లాంటి గుంపు దృశ్యాలున్న రెండు మూడు పేజీలు మీరే చూసి ఎంచి, నకలు తీసి, బెలూన్ల మీద తెల్లకాగితం అంటించి ఇవ్వండి. ఒక పెన్సిలు కూడా ఇచ్చి, ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో వాణ్ణే రాయమనండి. ఏం రాశాడో వీలైతే నాకూ చెప్పండి, చదవాలనుంది.